మిరప కల్లంలో నవల

మా ఆయన వెంకటేశ్ సన్న పుస్తకాన్ని ముట్టడు. ముట్టక తప్పనప్పుడు, చచ్చిన ఎలుకను తోక పట్టి బయట పడేసేవాడిలా రెండు వేళ్లతో పట్టుకుంటాడు. పోయిన ఎండాకాలం మిరప కల్లంలో నా ఒళ్లోని పసుపు అట్ట పుస్తకాన్ని సరిగ్గా అలాగే పైకెత్తాడు.

"గిదేంది?" అన్నాడు.

"కనబడ్తలేదా? వరదగుడి."

"వరదగుడి తొమ్మిది వందల పేజీలు. ఇది నూరు గూడ లేదు. మిగిలింది ఎటుపోయింది?"

"నువ్వే సదివినవ్ గదా, నీ దగ్గర్నే ఉంటది," అంది తారి. మా పక్కింటావిడ. నోటికి తాళం లేదు. మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్లంతా నవ్వారు. మా అత్త సోమ్లీ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

వెంకటేశ్ నవ్వలేదు. అట్టమీద 'సంక్షిప్త నవల' అని సన్నగా అచ్చేసిన మాటను, అక్కడ పేడేదో అంటుకున్నట్టు బొటనవేలి గోటితో గీకాడు. "ఇది నవల గాదు. నవలను సంపి, తోలు ఒలిచి, ఎండబెట్టిండ్రు. గిసోంటిది సదివేకన్న సదవకపోవుడే నయం," అని పుస్తకాన్ని నా ఒళ్లోకి జారవిడిచి, చేతులు కడుక్కోవడానికి పోయాడు. నిజంగానే కడుక్కున్నాడు. నేను చూశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లోనూ కల్లంలోనూ మాటలన్నీ మా లంబాడీ భాషలోనే. చదివేవాళ్ల కోసం వాటిని తెలుగు చేసి రాస్తున్నాను. వెంకటేశ్ ఒక్కడే నాతో తెలుగులో మాట్లాడతాడు, పెళ్లయిన కొత్తలోనే మొదలుపెట్టాడు. తల్లితో మాత్రం ఆ ఎండాకాలం దాకా మా మాటే. ఇంకెవరైనా తెలుగులోనే అన్నచోట ఆ సంగతి చెప్తాను. ఈ కథకు అది అవసరం.

అతను జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాడు. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండి, శనివారం రైల్లో మానుకోట దిగి తండాకు వస్తాడు. వరదగుడి మీద పరిశోధన చేసి డాక్టరయ్యాడు. ఆ నవలలో నదిని ఎన్ని తీర్లుగా వర్ణించారన్నది అతని పరిశోధన. నది గురించి రాసినవాడు ఒకడు, ఆ రాసినదాని గురించి రాసినవాడు ఇంకొకడు. ఇద్దరిలో ఎవడూ పడవ గెడకర్ర పట్టింది లేదు.

అసలు పుస్తకం మా ఇంట్లో బీరువాలో గుడ్డ చుట్టుకుని ఉండేది. పెళ్లయిన ఏడాది ఒకసారి అడిగాను, చదువుతానని. నేనూ ఇంటర్ చదివినదాన్నే. మా నాయిన చెల్పూర్ కరెంటు ప్లాంటులో బూడిద మోసి చదివించాడు. వెంకటేశ్ ముద్దుగా నా తలమీద చెయ్యిపెట్టి, "నీకు అర్థం గాదు" అన్నాడు. తిట్టినా మరిచిపోయేదాన్నేమో. ఆ చెయ్యి పెట్టడం మరిచిపోలేదు. అందుకే పోయిన మాఘమాసంలో అతనికి పచ్చడి ఇచ్చి వస్తూ జనగామ స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు, పుస్తకాల బండిమీద ఆ పేరు కనబడగానే కొనేశాను. నాకు అర్థం కానిది ఎట్లుంటదో చూద్దామని.

రైలు మానుకోట చేరేలోగా అర్థమైపోయింది.

ఆ ఏడు మిరపకు తెగులొచ్చి తాలు ఎక్కువ పడింది. తాలంటే ఎరుపు పోయి తెల్లబారిన కాయ. మంచి కాయలో అది కలిస్తే మార్కెట్లో బస్తా మొత్తాన్నీ పక్కన పెట్టేస్తారు. అందుకని పొద్దున్నుంచి పొద్దూకేదాకా పందిరి కింద కూర్చుని తాలు ఏరడమే పని. ముక్కులు మండుతాయి, వేళ్లు మండుతాయి, ఫోన్లకు సిగ్నల్ ఉండదు. తగువులు పెట్టుకుని పెట్టుకుని అవి కూడా అయిపోయాక, నేను పుస్తకం తీశాను. ఒక పేజీ తెలుగులో చదవడం, దాన్ని మా మాటలో చెప్పడం. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వినేవాళ్లు. మంటకా, కథకా అన్నది చెప్పలేను.

కథ అచ్చమ్మది. నది రేవులో పడవ నడిపే ఆడమనిషి. జమీందారుకు పన్నులు వసూలు చేసే అమీనును చంపి పారిపోయిన ఒక కుర్రాణ్ని పడవ అడుగున దాచిపెడుతుంది. ఆ అమీను చేసిన దుర్మార్గాలు విని కమలాబాయి మిరపకాయల్ని ఏరడం మానేసి విరవడం మొదలుపెట్టింది. కమలాబాయి మా తండాలో పెద్ద మనిషి, నలుగురు కోడళ్లను ఒక్క చూపుతో నిలబెట్టగలదు. ఆ కుర్రాడికి పేరు కూడా పెట్టేసింది, 'మన పోరడు' అని.

చివరికి ఏమైందంటే, ఒకరోజు తెల్లవారగానే అచ్చమ్మ తనంతట తానే ఠాణాకు పోయి పోలీసుల్ని పడవ దగ్గరికి తీసుకొచ్చింది. పసుపు పుస్తకంలో దానికి ఒక్కటే వాక్యం. 'అచ్చమ్మ మనసు మారింది.' అంతే.

"ఎందుకు మారింది?" అంది కమలాబాయి.

"రాయలేదు."

"ఎందుకో చెప్పకుంట మనసెట్ల మారుతది? వాతావరణమా మారనీకి?" 

వారం రోజులు కల్లంలో అదే పంచాయితీ. బహుమతికి ఆశపడిందని తారి. భయపడిందని మా అత్త. "భయపడేదైతే మొదలే దాచకపోవు," అని కమలాబాయి ఉరిమేది. వెంకటేశ్ నా ఒళ్లోంచి పుస్తకం ఎత్తింది ఆ పంచాయితీ నడుమనే.

ఆ సాయంత్రం ఇంట్లో మళ్లీ ఆ మాటే ఎత్తాడు.

"వచ్చే ఆదివారం నర్సయ్య సార్ వస్తున్నడు. మన తండకు. గోష్ఠి వాళ్లు 'పల్లెకు పుస్తకం' అని పెట్టుకున్నరు. వరదగుడి మీద మాట్లాడ్తడు. అప్పుడు గా పసుపు పుస్తకం ఏడ కూడ కనబడొద్దు."

నర్సయ్య సార్ అంటే అతనికి పరిశోధన చేయించిన పెద్దాయన. రిటైరయ్యాక జనగామలో సాహిత్య గోష్ఠి నడుపుతాడు. కాలేజీ కమిటీలో కూడా ఉన్నాడు కాబట్టి వెంకటేశ్ ఉద్యోగం ఖాయం కావడం ఆయన నోటిమాట మీదే ఉంది. ఆ గోష్ఠికి నన్ను ఒకసారి తీసుకుపోయాడు. ఫ్యాను కింద అరడజను మంది మగవాళ్లు. ఒకరు మాట్లాడితే ఇంకొకరు శాలువా కప్పారు. ఆ శాలువా కప్పించుకున్నాయన లేచి కప్పినాయనకు కప్పాడు. వాళ్లలో పద్యం వచ్చినాయనకు నవల చదివేవాళ్లంటే చులకన. ఇంగ్లీషులో నవల చదివేవాడికి తెలుగు అనువాదం చదివేవాడంటే చులకన. అనువాదం చదివేవాడికి వారపత్రిక సీరియల్ చదివేవాడంటే చులకన. నిచ్చెనకు ప్రతి మెట్టు మీదా ఒకడు కూర్చుని, కింది మెట్టు వాడి నెత్తిమీద కాళ్లు ఊపుతున్నాడు. అందరికన్నా పైమెట్టు మీద నర్సయ్య సార్. ఆయన కాళ్ల కింద మా ఆయన నెత్తి.

"కనబడితే ఏమైతది?" అన్నాను.

"నువ్వు ఎందుకు అర్థం చేసుకోవు జమునా?" గొంతు మారింది. మంచం మీద కూర్చున్నాడు. "హాస్టల్ల చేరినప్పుడు నేను నోరు తెరిస్తే సాలు, నవ్వేటోళ్లు. నీది తెలుగేనారా అనేటోళ్లు. సార్లు గూడ నవ్విండ్రు. లైబ్రరీల గా పెద్ద పుస్తకం దొరికింది. మొదటి పేజీ మొత్తం బట్టీ పట్టిన. ఒక్క ముక్క అర్థం కాలే. ఆగస్టు పదిహేనుకు అందరి ముందట అప్పజెప్పిన. ఆ దినం సంది ఎవ్వడూ నవ్వలే."

అప్పుడు నాకు అతనిమీద జాలి కలిగింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుందామనుకున్నాను కూడా.

"గంత కష్టపడి ఎక్కిన," అన్నాడు. "గిప్పుడు కాయలేరే ఆడోళ్లకు గూడ అది నూరు పేజీలల్ల దొరికితే, నేను ఎక్కింది దేనికి?"

చెయ్యి పట్టుకోలేదు. లేచి పోయి పొయ్యి వెలిగించాను.

ఆదివారం కారొచ్చింది. నర్సయ్య సార్ తెల్లటి లాల్చీలో దిగాడు. వెనకే గోష్ఠి వాళ్లు ఇద్దరు, ఒకడి చేతిలో ఫ్లెక్సీ, ఇంకొకడి చేతిలో కెమెరా. మా మామ బాల్‌సింగ్ స్కూలు నుంచి కుర్చీలు తెచ్చి వేశాడు. సభ ఎక్కడంటే మా కల్లంలోనే. ఎండిన మిరపకాయల ఎర్రటి రాశి వెనకాల ఉంటే ఫోటో బాగుంటుందని కెమెరా అతను అన్నాడట. మమ్మల్ని పని ఆపవద్దన్నారు. మేం పని చేస్తూ ఉంటే ఇంకా బాగుంటుందట.

సార్ మాట్లాడటానికి లేచి, "మిత్రులారా" అని, తుమ్మాడు. మళ్లీ "మిత్రులారా" అని మళ్లీ తుమ్మాడు. మిరప ఘాటుకు పెద్దపుస్తకం చదివినవాడని తెలియదు. తారి భుజాలు ఊగుతున్నాయి. మా అత్త దాన్ని మోచేత్తో పొడిచి, సార్‌కు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

కళ్లూ ముక్కూ తుడుచుకుని ఆయన అందుకున్నాడు. మహాగ్రంథాలను కుదించడం అంటే తల్లిని కుదించడమన్నాడు. ఈ తరం తొందరపాటు తరమన్నాడు. చదవడం తపస్సన్నాడు. మేం తాలు ఏరుతున్నాం. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు కమలాబాయి తలెత్తి, వచ్చిన కాస్త తెలుగులో అడిగింది.

"సారూ, ఒక్కటి చెప్పు. అచ్చమ్మ గా పోరన్ని ఎందుకు పట్టిచ్చింది?"

సార్ కళ్లద్దాలు సవరించుకున్నాడు. "అచ్చమ్మ మీకెట్ల తెలుసు?"

నేను దాచినచోటు నుంచి, అంటే బస్తా కింద నుంచి, తారి పసుపు పుస్తకం లాగి చూపించింది. వెంకటేశ్ నా వైపు చూసిన చూపుకు మిరపకాయ ఇంకా ఎర్రబడేది. సార్ పుస్తకాన్ని అందుకున్నాడు. ఆయనా రెండు వేళ్లతోనే. మా ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అప్పుడు తెలిసింది.

"ఓహో," అని వెనక్కి తిరిగి గోష్ఠి వాళ్లతో, మాకు తెలుగు రాదన్నట్టు మామూలు గొంతుతోనే అన్నాడు. "పోనీలెండి. వీళ్లకు ఇదే ఎక్కువ."

గోష్ఠి వాళ్లు నవ్వారు. వెంకటేశ్ కూడా నవ్వాడు. ఒక క్షణం ఆలస్యంగా, కానీ నవ్వాడు.

"మరి అచ్చమ్మ సంగతి?" అంది కమలాబాయి. ఆమె వదిలే మనిషి కాదు.

"అట్లా అడగకూడదమ్మా. గొప్ప నవలలో కథ ముఖ్యం కాదు."

"మరేంది ముఖ్యం?"

"శైలి. వర్ణన. వెంకటేశ్, ఆ మొదటి పేజీ వినిపించవయ్యా వీళ్లకు. అసలు సరుకు అంటే ఏందో తెలుస్తది."

వెంకటేశ్ లేచాడు. గుడ్డ విప్పిన పెద్ద పుస్తకం చేతిలో ఉంది కానీ తెరవలేదు. కళ్లు మూసుకున్నాడు. నది గురించిన ఆ వాక్యం ఆగకుండా పేజీ పొడుగునా సాగుతుంది. దాన్ని అతను ఒక్క చోట తడబడకుండా చెప్పాడు. అబద్ధమెందుకు, గొంతు బాగుంది. ఒక్కో మాట కొండ మీంచి నీళ్లు దూకినట్టు దూకింది. ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. మా అత్త మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కొడుకునే చూస్తోంది. ఆమెకు ఒక్క మాట అర్థం కాలేదని నాకు తెలుసు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

అతను ముగించగానే ఆమె మా భాషలో అంది, "ఏరు పారినట్టే ఉంది బిడ్డా. ఏమన్నవో జర మన మాటల చెప్పు."

"ఏమంటోందయ్యా ఆమె?" అన్నాడు సార్.

వెంకటేశ్ పుస్తకానికి గుడ్డ చుట్టబోయాడు. నేను చెప్పాను. "మా భాషల చెప్పమంటున్నది సార్."

"మంచిదే కదా! చెప్పు వెంకటేశ్, మీ భాషలో చెప్పు. ఇదీ ఒక అనుభవమే." సార్ కుర్చీలో వెనక్కి వాలి, సర్కసులో జంతువు గంతేయబోతుంటే చూసేవాడిలా చూశాడు. కెమెరా అతను ముందుకొచ్చాడు.

వెంకటేశ్ పెద్ద పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నాకు రాదు సార్," అన్నాడు. "చిన్నప్పటి సంది హాస్టల్ల ఉన్న. ఆ భాష నాకు రాదు."

తారి నోరు తెరిచింది. "రాదా? నిన్న రాత్రి తల్లితోని..."

"ఊకో," అంది మా అత్త. తర్వాత సార్ వైపు తిరిగి, తెలుగులో, సంతలో బేరమాడేటప్పుడు మాట్లాడే ఆ నాలుగు ముక్కల తెలుగులో, చెప్పింది. "నిజమే సారూ. రాదు వానికి. హాస్టల్ల పెరిగిండు."

చెప్పి, ముందుకు వంగి, తాలు ఏరడం మొదలుపెట్టింది.

సభ ముగిసింది. సార్ మా మామకు శాలువా కప్పాడు. ఫోటో తీసుకున్నారు. అన్నం తినిపోండని మామ బతిమాలాడు. సార్ మళ్లీ తుమ్మి, పని ఉందన్నాడు. వెంకటేశ్ వాళ్లను సాగనంపడానికి అదే కారులో మానుకోట దాకా పోయాడు. ఆ హడావుడిలో పెద్ద పుస్తకం కుర్చీలో ఉండిపోయింది. నేను తీసి కొంగుతో దుమ్ము తుడిచి ఇంట్లో పెట్టాను. ఈసారి గుడ్డ చుట్టలేదు.

సాయంత్రం తిరిగొచ్చాడు. సంతోషంగా ఉన్నాడు. సార్‌కు అంతా నచ్చిందట, జూన్‌లో కమిటీలో తన సంగతి మాట్లాడతాడట. కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చుని తల్లితో మా భాషలో, "ఆకలైతుంది, ఏం వండినవ్?" అన్నాడు.

"పప్పు," అంది ఆమె తెలుగులో. "ఎయ్యాల్నా?"

అతను గమనించలేదు. తిన్నాడు, పడుకున్నాడు, పొద్దున రైలుకు పోయాడు.

తర్వాతి శనివారం గమనించాడు. వచ్చీరాగానే ఏదో అడిగితే ఆమె తెలుగులో జవాబిచ్చింది. నవ్వాడు. "ఏందే, తెలుగు నేర్చుకుంటున్నవా?" అన్నాడు మా మాటలో. "ఆఁ, వస్తది జర," అంది తెలుగులో. కోపం లేదు. ముఖం ముడుచుకోవడం లేదు. అడిగినదానికల్లా చెప్పింది, కంచంలో ఇంకో గరిటె వేసింది, చొక్కా గుండీ ఊడితే కుట్టి ఇచ్చింది. ఇంటికొచ్చిన పంచాయతీ సెక్రటరీతో ఎట్లా మర్యాదగా ఉంటుందో అట్లా ఉంది. నాతో, మామతో, పిల్లిని అదిలించడానికి కూడా మా భాషే. అతను గడప దాటి లోపలికొస్తే తెలుగు.

రాత్రి వెంకటేశ్ నన్ను అడిగాడు. "అవ్వకు ఏమైంది?"

"నీకు రాని మాట మాట్లాడితే నీకు కష్టం గదా అని."

"అది సార్ ముందట ఏదో... నీకు తెల్వదా? నా నౌకరి సంగతి."

"నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. అందుకే సార్‌కు నిజమేనని చెప్పింది."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వారం నుంచి తల్లితో అతనూ తెలుగే మాట్లాడాడు.

జూన్‌లో ఉద్యోగం ఖాయమైంది. కాగితం తెచ్చి తల్లి చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. "సల్లగుండు," అంది తెలుగులో. జనగామలో ఇల్లు చూశానని, అందరం పోదామని అన్నాడు. ఆమె మామ ముఖం చూసింది, మామ చేను వైపు చూశాడు. "నువ్వు పో," అంది ఆమె, మళ్లీ తెలుగులోనే. నేను మొక్కజొన్న పెట్టడం అయ్యాక చూద్దామన్నాను. అది అయ్యాక ఇంకోటి ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

ఈలోగా నేను పెద్ద పుస్తకం చదివాను. తొమ్మిది వందల పేజీలూ. 'నీకు అర్థం గాదు' అన్న పుస్తకం అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు, విసుగు పుట్టడానికి మాత్రం చాలా ఉంది. రాసినాయనకు నదిని చూస్తే ఊపు ఆగదు. ఒకసారి వర్ణిస్తాడు, వెన్నెల్లో ఇంకోసారి వర్ణిస్తాడు, మబ్బు పట్టిందని మళ్లీ వర్ణిస్తాడు. అచ్చమ్మ గెడ పట్టుకుని ఎదురుచూస్తూ నిలబడి ఉంటుంది, పాపం. కొన్ని పేజీలు తిట్టుకుంటూ తిప్పాను.

కానీ నడుమ ఒక అధ్యాయం ఉంది. పసుపు పుస్తకంలో దాని ఆనవాలే లేదు. తొలకరి పడిన రోజున, ఏరిన కాయ అంతా వరంగల్ పోయి కల్లం ఖాళీ అయ్యాక, ఆడవాళ్లు మా వసారాలో వాన తగ్గేదాకా కూర్చున్నప్పుడు, దాన్ని మా మాటలో చెప్పాను.

అచ్చమ్మ పడవను ఒడ్డున బోర్లించి తారు పూస్తూ ఉంటుంది. ఆ కుర్రాడు పక్కనే కూర్చుని ఊసుపోక కబుర్లు చెప్తూ, తాను ఎట్లా తప్పించుకున్నాడో చెప్తాడు. ఇద్దరు పారిపోయారట. నది దాటడానికి దొరికింది ఒక్కటే చెక్క. రెండోవాడు ఈత రానివాడు, తన చిన్ననాటి దోస్తు. ఇద్దరి బరువుకు చెక్క మునుగుతుంటే వాణ్ని కాలితో తన్ని నెట్టేశాడట. వాడు నీళ్లలో చేతులు ఎట్లా కొట్టుకున్నాడో అభినయించి చూపించి నవ్వుతాడు. అచ్చమ్మ పట్టిన పక్క మొత్తం తారు పూయడం ముగిస్తుంది. కుంచె కడుగుతుంది. తెల్లవారి ఠాణాకు పోతుంది.

నేను ఆపగానే కమలాబాయి నా ఒళ్లోని పుస్తకం మీద అరచేత్తో చరిచింది.

"గదీ సంగతి," అంది. "గందుకు పట్టిచ్చింది. మంచి పని చేసింది." ఇంతకాలం 'మన పోరడు' అని పిలిచినందుకు పక్కకు తిరిగి ఉమ్మింది.

"గింత ముచ్చట కోసేసినోడు ఎవడే?" అంది మా అత్త. "తాలు అంత ఉంచి మంచి కాయ పారేసిండు. వాని చేతికి కల్లం ఇస్తే సంసారం మునుగుతది."

"వాడు వదిలేసిండు సరే," అంది తారి. "గా తుమ్ముల సార్ పెద్ద పుస్తకం సదివిండు గదా. అడిగితే చెప్పకపాయె?"

కమలాబాయి తారి చెయ్యి గిల్లింది. ఎందుకంటే అప్పటికే వెంకటేశ్ వసారా మెట్టుమీద నిలబడి ఉన్నాడు. శనివారమని మరిచిపోయాం. తలమీది నుంచి నీళ్లు కారుతున్నాయి, చేతిలో సంచీ తడిసి ముద్దయింది. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. అతని చూపు నా ఒళ్లో తెరిచి ఉన్న పెద్ద పుస్తకం మీద ఉంది.

"ఆ అధ్యాయం నా పరిశోధనల లేదు," అన్నాడు నాతో తెలుగులో, మెల్లగా. "దాంట్ల నది వర్ణన లేదని వదిలేసిన."

పోట్లాడటానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. తువాలు అందించాను.

ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి, కొంగులు నెత్తిన కప్పుకుని వానలోనే వెళ్లిపోయారు. వెంకటేశ్ తల తుడుచుకుని తల్లి పక్కన, నేలమీదే కూర్చున్నాడు. అతని పెదాలు కదిలాయి, ఆగాయి. ఆగస్టు పదిహేనుకు బట్టీ పట్టిన పిల్లవాడు మాటను గుర్తు తెచ్చుకుంటున్నట్టున్నాడు.

"యాడీ," అన్నాడు. మా మాటలో అమ్మను అట్లాగే పిలుస్తాం. "పాణి."

ఆమె లేచి లోపలికి పోయి, కుండలోంచి చెంబు ముంచుకుని వచ్చింది. బయట తడిసి వచ్చాడు కదా, ముందు తన కొంగుతో అతని మెడ మీది నీళ్లు తుడిచింది. తర్వాత చెంబు చేతికిచ్చింది.

"ఇగో," అంది తెలుగులో. "నీళ్లు."